నలుగురు కూర్చునే దోమతెర గది: కొండ సరస్సుల ట్రిప్పు పని డైరీ

ఏం కావాలనుకున్నాం

పడుకోవడానికి టెంట్లు ఉన్నాయి. నడిచేటప్పుడు తలకు తొడుక్కునే నెట్లు ఉన్నాయి. లేనిదల్లా సాయంత్రం నలుగురం ఎదురెదురుగా కూర్చుని తినే చోటు. ఎత్తైన సరస్సుల దగ్గర దోమలు ముసిరితే ఎవరి టెంట్లోకి వాళ్ళు దూరిపోయి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బట్ట గోడల మీదుగా అరుచుకుంటూ మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఆ మాత్రానికి అంతదూరం కలిసి నడవడం ఎందుకు? అందుకే టార్ప్ (వానా ఎండా ఆపే పైకప్పు గుడ్డ) కింద వేలాడే, అడుగు బట్ట లేని నెట్ గది ఒకటి కుట్టాలనుకున్నాం. షరతులు ఇవి: నలుగురు పట్టాలి, బరువు పంచుకుంటే తలకు 200 గ్రాములు దాటకూడదు, చీకట్లో కూడా పది నిమిషాల్లో నిలబెట్టగలగాలి.

"వేసవి చివర్లో వెళ్తున్నాం కదరా, అప్పటికి దోమలెక్కడుంటాయి" అన్నాడు మాలో పొడుగువాడు. కింది లోయల విషయంలో వాడి మాట నిజమే. పైన కథ వేరు. అక్కడ కుట్టే దోమల్లో ఎక్కువ భాగం ఏడిస్ రకానివి. ఆడదోమ గుడ్లను నీళ్ళలో పెట్టదు. వచ్చే ఏడాది మంచు కరిగి నీళ్ళు నిలవబోయే పల్లాల్లో, తడి మట్టిలో, నాచులో పెడుతుంది. ఆ గుడ్లు చలికాలమంతా మంచు కిందే ఉండి, కరిగిన నీళ్ళు చేరాక పొదుగుతాయి. చాలావాటికి ఏడాదికి ఒకటే తరం. కాబట్టి ఏ నెలలో వెళ్తున్నామన్న దానికంటే, వెళ్ళే సరస్సు చుట్టూ మంచు కరిగి ఎన్ని వారాలైందన్నదే లెక్క. చలికాలంలో మంచు బాగా పడిన ఏడాది, కింద దోమలు అయిపోయాక కూడా పైన అప్పుడే మొదలవుతాయి. మేం వెళ్ళబోయే పై సరస్సు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది. గట్టు మీద మంచు ఇంకా తెల్లగా ఉందని అప్పుడే దిగి వచ్చినవాళ్ళు చెప్పారు. ఇక వాదన అక్కడితో ఆగింది.

దశ 1: లెక్క, కత్తిరింపు

ఆకారం పిరమిడ్. నడుమ ఒకటే గుంజ, రెండు ట్రెక్కింగ్ కర్రలను ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి పట్టీలతో బిగిస్తే 150 సెం.మీ. వస్తుంది. అడుగున నాలుగు వైపులా 270 సెం.మీ. ఏటవాలు ఎత్తు, అంటే అడుగంచు నడిమి నుంచి శిఖరం దాకా, 202 సెం.మీ. (135 వర్గం, 150 వర్గం కలిపి వర్గమూలం తీస్తే వచ్చేది ఇదే).

నెట్ బట్ట పన్నా 150 సెం.మీ. మాత్రమే. 270 అడుగున్న త్రిభుజం అందులో పట్టదు. అందుకని ప్రతి త్రిభుజాన్నీ నడిమికి రెండు లంబకోణ ముక్కలు చేశాం.

1. 140 × 206 సెం.మీ. దీర్ఘచతురస్రాలు నాలుగు కత్తిరించాలి. కుట్టు మడతలు ఇందులోనే కలిశాయి.
2. ఒక్కోదాన్ని మూల నుంచి మూలకు కోయాలి. రెండేసి ముక్కలు వస్తాయి.
3. జతలో ఒకదాన్ని తిరగేసి, నిలువు అంచులు కలిపి కుట్టాలి. నెట్‌కు ముందూ వెనకా తేడా లేదు కాబట్టి తిరగేస్తే చాలు.
4. మొత్తం బట్ట 8.3 మీటర్లు. మిగిలే 10 సెం.మీ. అంచు పడేయొద్దు, అతుకులకు పనికొస్తుంది.

ఇలా కోస్తే వృథా దాదాపు ఉండదు. ప్రతి గోడకూ నడిమిలో ఒక గట్టి నిలువు కుట్టు కూడా వస్తుంది. దాని విలువ తర్వాత తెలిసింది.

దశ 2: కుట్టు

కుట్టింది మా స్నేహితురాలు. మేం పట్టుకునేవాళ్ళం, కొలిచేవాళ్ళం, తిట్లు తినేవాళ్ళం.

మొదటి ఇబ్బంది మిషన్‌తో వచ్చింది. నెట్ మెత్తగా ఉండటంతో అడుగు పళ్ళు దాన్ని లోపలికి లాక్కుని ముద్ద చేశాయి. సన్న సూది (70 నంబరు) మార్చి, నెట్ కింద పల్చని కాగితం పట్టీ పెట్టి, రెండూ కలిపి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సాఫీగా వచ్చింది. దారం పాలియెస్టర్‌దే వాడాలి. నూలు దారం తడిలో నాని, ఎండలో బలం పోతుంది.

రెండో ఇబ్బంది మూలల కుట్టులో. ఏటవాలుగా కోసిన అంచు సాగుతుంది. శిఖరం నుంచి మూల దాకా 243 సెం.మీ. ఉండాల్సిన అంచు కుట్టేసరికి 247 అయింది. నాలుగు మూలలా ఇదే తంతు, గోడలు అలలు అలలుగా వేలాడాయి. ఆ కుట్లన్నీ విప్పి పద్ధతి మార్చాం. ముందు సాగని నైలాన్ టేపును సరిగ్గా 243 సెం.మీ. కోసి, 20 సెం.మీ.కు ఒక గుర్తు పెట్టాలి. నెట్ అంచు మీదా అదే దూరంలో గుర్తులు పెట్టి, గుర్తుకు గుర్తు కలిపి గుండుసూదులు గుచ్చి, ఆ తర్వాతే మిషన్ మీదికి ఎక్కించాలి. గంట పని ఎక్కువ. గోడలు బిగుతుగా నిలిచాయి.

ద్వారానికి ఒక గోడ నడిమి కుట్టు విప్పి 150 సెం.మీ. జిప్ వేశాం. అడుగున నేల మీద పరుచుకునేలా 25 సెం.మీ. వెడల్పు నైలాన్ పట్టీ.

బరువు, మొదటి రూపం:
- నెట్, కుట్లతో కలిపి: 285 గ్రా.
- అడుగు పట్టీ: 103 గ్రా. (మొత్తం 388)
- జిప్: 34 గ్రా. (మొత్తం 422)
- శిఖరం ముక్క, లూపులు: 22 గ్రా. (మొత్తం 444)
- దారం, కట్టుతాళ్ళు: 16 గ్రా. (మొత్తం 460)
- మూల మేకులు నాలుగు: 44 గ్రా. (మొత్తం 504)

తలకు 126 గ్రాములు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది.

దశ 3: ఇంటి వెనక పరీక్ష

సాయంత్రం నిలబెట్టి, నలుగురం లోపల కూర్చుని తిన్నాం. బయటపడ్డ లోపాలు, తీవ్రతను బట్టి:

*వీపులు గోడకు తగిలాయి.* పిరమిడ్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. నేల మీద 270 ఉన్నది, కూర్చున్న మనిషి భుజం ఎత్తుకు, అంటే 60 సెం.మీ. దగ్గర, 162 అవుతుంది. తల ఎత్తుకు (88 సెం.మీ.) వచ్చేసరికి 112. నలుగురి తలలు 112 సెం.మీ. చదరంలో! నడుమ గుంజ ఒకటి. నెట్ ఒంటికి ఆనితే ఉన్నా లేనట్టే, దోమ బయట వాలి రంధ్రంలోంచి కుట్టేస్తుంది. పొడుగువాడి వీపు మీద రెండు భుజాల దగ్గరే గుంపుగా దద్దుర్లు లేచాయి, మిగతా వీపంతా శుభ్రంగా ఉంది. కొలతకు ఇంతకంటే రుజువు ఏం కావాలి.

*నెట్ రంధ్రం పెద్దది.* మామూలు దోమతెర బట్ట వాడాం. ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి లెక్కపెడితే సెంటీమీటరుకు 5 రంధ్రాలు, చదరపు సెంటీమీటరుకు 25. దోమలకు ఇది చాలు. నుసుములకు చాలదు. అవి 1 నుంచి 3 మిల్లీమీటర్ల పురుగులు, రెక్కలు ముడిచి నింపాదిగా నడుచుకుంటూ దూరిపోతాయి. వాటికి సెంటీమీటరుకు 12 దాకా రంధ్రాలున్న సన్న జాలీ కావాలి.

*తెల్లరంగు.* ఎదురెండలో తెల్ల నెట్ మెరిసి బయటిది ఏమీ కనిపించనివ్వదు. సరస్సు చూడ్డానికి వెళ్ళి తెల్లగోడ చూస్తూ కూర్చోవాలి. నల్ల నెట్‌లోంచి చూపు సాఫీగా పోతుంది.

*జిప్.* నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట మేకులు కొడితే ఒక మూల ఎక్కువ లాగుతుంది. ఆ లాగుడుకు జిప్ పళ్ళు నడిమిలో విచ్చుకున్నాయి. మూసినట్టే కనిపిస్తుంది, వేలు పట్టే సందు ఉంటుంది.

*అడుగు పట్టీ.* 25 సెం.మీ. చాల్లేదు. గడ్డి గుబుర్ల మీద పైకి లేచి కింద ఖాళీలు వచ్చాయి.

దశ 4: రెండో రూపం

పాత ముక్కలనే నమూనాగా పెట్టుకుని నల్ల సన్న జాలీతో మళ్ళీ కోశాం.

వీపుల సమస్యకు ముందు అనుకున్నది కింద 50 సెం.మీ. నిటారు గోడ కలిపి పిరమిడ్‌ను పైకెత్తడం. అప్పుడు గుంజ 200 సెం.మీ. కావాలి, జాలీ సగం మళ్ళీ పెరుగుతుంది. వద్దనుకున్నాం. దాని బదులు ప్రతి గోడనూ 60 సెం.మీ. ఎత్తులో బయటికి లాగి, టార్ప్ అంచు నడిమి లూపుకు కట్టాలన్న ఆలోచన వచ్చింది. గోడను 20 సెం.మీ. బయటికి లాగితే ఏటవాలు పొడవు 202 నుంచి 204 అవుతుంది, అంతే. ఆ 2 సెం.మీ. జాలీ సాగుదలే ఇచ్చేస్తుంది. భుజాల దగ్గర జాగా 162 నుంచి 202కు పెరిగింది. ఒక్క గుడ్డ ముక్క కూడా అదనంగా కోయకుండా దొరికిన జాగా ఇది.

లూపును మొదట జాలీ మీదే అతుకు వేసి కుట్టాం. గట్టిగా లాగగానే అతుకు చుట్టూ జాలీ చిరిగింది. నడిమి నిలువు కుట్టు మీదికి మార్చి, రెండువైపులా 6 సెం.మీ. గుండ్రటి నైలాన్ ముక్కలు వేస్తే నిలిచింది. ముక్క చదరంగా ఉంటే మూలల దగ్గర చిరుగు మొదలవుతుంది, గుండ్రంగానే కోయాలి.

జిప్ తీసేశాం. ద్వారం గోడలో రెండు సగాలను ఒకదాని మీద ఒకటి 60 సెం.మీ. పడేలా కుట్టాం, తెర తొలగించినట్టు తొలగించి లోపలికి రావాలి. అంచులకు వెల్క్రో బొట్లు పెడితే మూసుకుంటుందని చూశాం. వెల్క్రో కొక్కేలు జాలీనే పట్టుకుని పోగులు లాగేశాయి. చిన్న అయస్కాంతాలు కుట్టాం. బాగా పనిచేశాయి, కానీ జేబులోని దిక్సూచి ముల్లు వాటి పక్కకు తిరుగుతోంది. కొండల్లో ఆ టెన్షన్ అక్కర్లేదని అవీ పీకేశాం. ఏమీ పెట్టకుండానే బయల్దేరాం.

అడుగు పట్టీ 40 సెం.మీ. చేశాం.

బరువు, రెండో రూపం:
- సన్న జాలీ, కుట్లతో: 342 గ్రా.
- అడుగు పట్టీ: 164 గ్రా. (మొత్తం 506)
- ద్వారం దగ్గర అదనపు జాలీ: 36 గ్రా. (మొత్తం 542)
- శిఖరం, మూల లూపులు: 22 గ్రా. (మొత్తం 564)
- పక్క లాగుడు లూపులు, తాళ్ళు: 48 గ్రా. (మొత్తం 612)
- దారం: 18 గ్రా. (మొత్తం 630)
- మేకులు: 44 గ్రా. (మొత్తం 674)

తలకు 169 గ్రాములు లోపే.

దశ 5: బట్టలు, మందులు

ఇది క్లుప్తంగానే రాస్తాను, గది అంత ఆసక్తికరం కాదు.

1. ప్యాంట్లు, చొక్కాలు, మేజోళ్ళకు 0.5 శాతం పెర్మెత్రిన్ (బట్టలకు పట్టించే పురుగుమందు) స్ప్రే. ఆరుబయట దండెం మీద వేసి కొట్టాలి, పూర్తిగా ఆరాకే తొడగాలి. ఒంటికి రాసుకునే మందు కాదిది. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం, చేపలకూ నీటి పురుగులకూ ఎప్పుడూ విషమే. ఆ బట్టలతో సరస్సులోకి దిగొద్దు, అందులో ఉతకొద్దు.
2. చర్మానికి ఇద్దరం 30 శాతం డీట్, ఇద్దరు 20 శాతం పికారిడిన్, రెండూ దోమలను దూరంగా ఉంచే మందులే. దోమల మీద తేడా మాకు కనబడలేదు. వస్తువుల మీద మాత్రం కనబడింది: డీట్ పూసిన చేతులతో పట్టుకున్న చలువ అద్దాల ఫ్రేమ్ జిగటగా మారి వేలిముద్రలు పడిపోయాయి. డీట్ కొన్ని ప్లాస్టిక్‌లనూ స్పాండెక్స్ (సాగే బట్ట)నూ కరిగిస్తుంది. నైలాన్‌కు ఏమీ కాదు, కాబట్టి జాలీకి భయం లేదు.
3. సన్‌స్క్రీన్ ముందు, దోమల మందు తర్వాత.
4. లేతరంగు బట్టలు. నల్ల టీషర్టు వేసుకున్నవాడు ఎక్కుడంతా జోరీగలను మోశాడు. మందు వాటిని పెద్దగా ఆపలేదు.

దశ 6: కింది సరస్సు, 2,600 మీటర్లు

ఒకేసారి 3,100కు వెళ్ళి పడుకుంటే తలనొప్పులు వస్తాయని దారిలో ఇక్కడ ఒక రాత్రి ఆగాం. 9 కిలోమీటర్లు, 650 మీటర్ల ఎక్కుడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క (5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట) ప్రకారం మూడు గంటల లోపే చేరాలి. బరువులతో నాలుగు పట్టింది.

మంచు ఎప్పుడో కరిగిపోయిన చోటు. దోమలు దాదాపు లేవు. కానీ సరస్సు నుంచి నీళ్ళు బయటికి పారే చోట నల్ల ఈగలు. ఇవి నిలవ నీటిలో కాక పారే నీటిలో పెరుగుతాయి, పగలే కుడతాయి, చీకటి పడితే పోతాయి. గదిలోకి వచ్చినవి మనల్ని వదిలేసి జాలీ మీద పైకి పాకుతూ బయటికి దారి వెతుక్కున్నాయి. అంచేత మకాం ఏరుకు దూరంగా మారిస్తే చాలు. గది మడత విప్పింది సాధన కోసమే. నిలబెట్టడానికి 14 నిమిషాలు. నాలుగు మూలలూ ముందు కొట్టి తర్వాత గుంజ ఎత్తితే గోడలు వంకర పోతున్నాయి. క్రమం మార్చాం:

1. టార్ప్ ముందు నిలబెట్టు.
2. జాలీ శిఖరాన్ని గుంజకు తగిలించు.
3. ఎదురెదురు మూలలు రెండు, తర్వాత మిగతా రెండు.
4. పక్క తాళ్ళు టార్ప్ లూపులకు.
5. పట్టీ లోపలికి కాదు, బయటికి పరిచి రాళ్ళు పెట్టు.

ఈ క్రమంలో 8 నిమిషాలు.

దశ 7: పై సరస్సు, 3,100 మీటర్లు

చేరేసరికి దోమలు గుంపులు గుంపులుగా వచ్చాయి. సంచి దించకముందే "నోరు మూసుకుని ఊపిరి తీసుకోండ్రా" అంది స్నేహితురాలు. నోట్లోకి పోతున్నాయి మరి.

మకాం ఎక్కడ వేయాలో ఊహతో కాకుండా లెక్కతో తేల్చాలని, మందు రాయని ముంజేయి ఒకటి చాచి నిమిషానికి ఎన్ని వాలుతున్నాయో లెక్కపెట్టాం. చేయి ఇచ్చింది పొడుగువాడు. వేసవి చివర్లో దోమలుండవన్నది వాడే కాబట్టి వేరే చర్చ జరగలేదు.

- నీటి ఒడ్డు గడ్డి, సాయంత్రం 4:00, పిల్లగాలి: 11
- సరస్సుకు 45 మీటర్ల పైన రాతి గుట్ట, 4:30, గాలి బాగుంది: 2
- ఒడ్డు గడ్డి, 7:10, గాలి లేదు: 31
- గుట్ట, 7:20, గాలి లేదు: 19
- గుట్ట, 8:15, పైనుంచి చల్లగాలి, 9 డిగ్రీలు: 4
- గుట్ట, 9:00, 6 డిగ్రీలు: 0

మధ్యలో ఉన్న ఆ 19 చూడండి. 4:30కి రెండే ఉన్న గుట్ట మీద, మూడు గంటల్లోపే పందొమ్మిది. కారణం కొండగాలి నడిచే తీరు. పగలు ఎండకు వాలు వేడెక్కి గాలి కిందినుంచి పైకి వీస్తుంది. పొద్దు వాలాక వాలు చల్లబడి గాలి పైనుంచి కిందికి జారుతుంది. ఒకటి ఆగి ఇంకోటి మొదలయ్యే మధ్యలో గాలి పూర్తిగా పడిపోతుంది. మాకు అది 7 గంటల నుంచి 7:50 దాకా. సరిగ్గా అందరికీ ఆకలేసే వేళ. గట్టి గాలిలో దోమ ఎగరలేదు, బాగా చల్లబడితే కదల్లేదు. ఈ యాభై నిమిషాలే రెండూ లేనివి. గది నిజంగా కావాల్సింది ఆ కాసేపే, అందుకని 6:45కల్లా వండటం పూర్తి చేసి లోపలికి చేరాలని నియమం పెట్టుకున్నాం.

మకాం గుట్ట మీదే వేశాం. నీటికి 60 మీటర్ల దూరం ఎలాగూ పాటించాలి. పైగా చల్లగాలి గిన్నెలాంటి పల్లంలోకి జారి పేరుకుంటుంది, ఒడ్డున రాత్రి 2 డిగ్రీలు ఉంటే గుట్ట మీద 5 ఉంది. మంచు తేమ కూడా ఒడ్డునే ఎక్కువ.

*మేకులు దిగలేదు.* పైన రెండు అంగుళాల మట్టి, కింద రాయి. మూల లూపులను పుచ్చకాయంత రాళ్ళకు కట్టాం. పట్టీ మీద నున్నటి రాళ్ళు మాత్రమే పెట్టాలి, గరుకు రాయి కింద రెండు చోట్ల నైలాన్ గీరుకుపోయింది. వచ్చేటప్పుడు రాళ్ళన్నీ వాటి చోట్లలో పెట్టేశాం.

*ద్వారం గాలికి రెపరెపలాడింది.* ఏమీ పెట్టకుండా వచ్చిన తెర రెక్కలు సాయంత్రం గాలికి విడిపోతున్నాయి. తడి మేజోళ్ళు ఆరేసుకోవడానికి తెచ్చిన బట్టల క్లిప్పులు పెడితే కుదిరింది. ఇన్ని ప్రయోగాలకు జవాబు దండెం మీద ఉంది. 12 గ్రాములు. మొత్తం 686. తలకు 172 గ్రాములు లోపే.

*లోపలికి వచ్చేటప్పుడు దోమలు.* ఒక్కొక్కరు వస్తే ఒక్కొక్కరి వెంట ఆరేడు వచ్చేవి. సంచీ, చొక్కా మీద వాలి ఉన్నవే ఎక్కువ. బయట పది అడుగులు చురుగ్గా నడిచి, ఒళ్ళు దులుపుకుని, నలుగురం వరసగా ఆగకుండా దూరితే మొత్తం నలుగురికీ కలిపి నాలుగైదు. అవి నేరుగా శిఖరం దగ్గరికి చేరుకుంటాయి, అక్కడ చంపడం తేలిక.

*స్టవ్ మాత్రం బయటే.* ఎంత చలి ఉన్నా, ఎన్ని దోమలున్నా లోపల వెలిగించకూడదు. నైలాన్ మంటకు క్షణాల్లో కరిగి ఒంటికి అంటుకుంటుంది. పైన టార్ప్ ఉంది కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ భయమూ ఉంది. వంట చూసుకునేవాడు బయట నిలబడే సమయం తగ్గించడమే మార్గం. ఈ ఎత్తులో నీళ్ళు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి, మెతుకు ఉడకడానికి సమయం పడుతుంది. అందుకని నీళ్ళు మరిగించి, ఎండబెట్టిన తిండి మీద పోసి, గిన్నెను రేకు పూసిన ఫోమ్ తొడుగులో పెట్టి గదిలోకి తెచ్చేశాం. పది నిమిషాలని రాసి ఉన్నది పద్దెనిమిది పట్టింది, కానీ ఆ పద్దెనిమిదీ జాలీ లోపలే.

దోమలను తరిమే గాలే గ్యాస్‌ను తినేస్తుంది. క్యానిస్టర్‌ను (గ్యాస్ డబ్బాను) చిన్న త్రాసు మీద తూచి లీటరు నీటికి ఖర్చు చూశాం:
- గాలి లేని చోట: 9 గ్రా.
- గుట్ట మీద, అడ్డు లేకుండా: 17 గ్రా.
- గుట్ట మీద, గాలి వచ్చే వైపు మాత్రం రాళ్ళ అడ్డు: 11 గ్రా.

రోజుకు 7 లీటర్లు, 77 గ్రాములు. 230 గ్రాముల క్యానిస్టర్ మూడు రోజులకు ఒక్క గ్రాము తక్కువ! అడ్డు లేకపోతే రెండు రోజులు కూడా రాదు. క్యానిస్టర్ మీదే కూర్చునే స్టవ్‌కు చుట్టూ అడ్డు కట్టొద్దు, క్యానిస్టర్ వేడెక్కి పేలొచ్చు. ఒక వైపు చాలు.

*నీళ్ళు.* చేత్తో పిండే ఫిల్టర్‌తో ఒడ్డున లీటరుకు మూడు నిమిషాలు నిలబడాలి. నిమిషానికి 31 లెక్కన ఎవరూ ముందుకు రాలేదు. 6 లీటర్ల సంచి అర నిమిషంలో ముంచుకుని పైకొచ్చి, టార్ప్ అంచుకు వేలాడదీసి, అదే ఫిల్టర్‌కు గొట్టం తగిలిస్తే మనం తింటుండగా నీళ్ళు దిగిపోతాయి. రాత్రి ఫిల్టర్ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. లోపలి సన్న గొట్టాల్లో నీళ్ళు గడ్డకడితే అవి పగులుతాయి, పగిలినట్టు పైకి తెలియదు.

పొద్దున్నే గుంట తవ్వుకుని కూర్చునే పనికి ఏ పరిష్కారమూ దొరకలేదు. గాలి వీచే చోటు, వేగం. అంతే.

దశ 8: దిగాక

చివరి ఉదయం మంచు తేమతో గది తడిసి 1,010 గ్రాములు తూగింది. పొడిగా ఉన్నదానికంటే 324 గ్రాములు ఎక్కువ. టార్ప్ కింద ఉన్నా పట్టీ నేల తేమను పీల్చుకుంది. ఎండలో పావుగంట పరిచాక 720కి దిగింది. ఆ పావుగంట ఆగండి, లేకపోతే మోసేవాడికి సుమారు 300 గ్రాముల నీళ్ళు ఉచితం.

ఇంటికొచ్చాక చూసిన నష్టం: పట్టీ మీద రెండు గీరుళ్ళు, పక్క లూపుల్లో ఒకదాని కుట్టు కొంచెం జారింది, జాలీలో నిప్పురవ్వంత రంధ్రం ఒకటి. రంధ్రానికి రెండువైపులా అతుకు టేపు. లూపుల దగ్గర కుట్టు రెండుసార్లు పోయించాం.

మళ్ళీ కుడితే మార్చేవి:

1. పట్టీని 40 నుంచి 30 సెం.మీ.కు తగ్గించాలి. రాళ్ళు పెట్టాక చివరి 10 ఊరికే తడిసింది. 41 గ్రాములు మిగులుతాయి, మొత్తం 645.
2. మూల లూపులు పెద్దవిగా ఉండాలి. మేకు పట్టే లూపులో రాయికి కట్టే తాడు చలివేళ్ళతో దూరదు.
3. ద్వారం గాలి వీచే వైపు కాకుండా గాలి పోయే వైపు ఉండేలా గదిని తిప్పి వేయాలి. ఇది కుట్టు పని కాదు, కానీ క్లిప్పుల అవసరం సగం తగ్గుతుంది.
4. శిఖరం దగ్గర 15 సెం.మీ. మేర తెల్ల గుడ్డ వేయాలి. దోమలు చేరేది అక్కడే, నల్ల జాలీ మీద అవి కనబడవు.

మొదటి రూపం తెల్ల నెట్ ఇంకా ఉంది. పొడుగువాడు దాన్ని నిలువుగా కోసి ఇద్దరు పట్టే గది చేస్తానని పట్టుకుపోయాడు. అడుగు 180 సెం.మీ., గుంజ 130 పెట్టుకోమని, పక్క లూపులు నడిమి కుట్టు మీదే వేయమని చెప్పి పంపాం. ముందు నేల మీద కూర్చుని, భుజం ఎత్తు ఎంతో కొలుచుకోమన్నాం.